ఉప్పు నీళ్ళ బొమ్మ

సౌదీలో చలి ఉంటుందంటే మా రాయచోటిలో ఎవరూ నమ్మరు. మొదటి సెలవుకు వెళ్ళినప్పుడు మందపాటి స్వెట్టర్లు ఏరుకుంటుంటే కొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి, "ఎడారికి స్వెట్టరెందుకమ్మా, ఒంటెకు తొడుగుతావా?" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ ఊరుకున్నాను. జోర్డాన్ సరిహద్దు దగ్గర తురైఫ్ అని ఒక ఊరుందనీ, జనవరిలో అక్కడ పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్ళు రావనీ, పైపులోనే గడ్డకట్టి కూర్చుంటాయనీ వాడికి చెప్పి ఏం లాభం?

ఆ ఊరి ఆసుపత్రిలో నేను నర్సును. నా పేరు సురయ్యా. నాకు నోరెక్కువని వార్డులో అందరూ అంటారు, అబద్ధమేం కాదు. నేను చెప్పబోయేది మాత్రం ఉన్న నోటిని కూడా సరిగ్గా వాడుకోని మనిషి గురించి.

ఆండాళ్ అక్క మా ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. సొంతూరు బందరు. వయసు యాభై దాటింది. ఆసుపత్రి ఇచ్చిన క్వార్టర్‌లో మేమిద్దరం రెండు గదుల్లో ఉంటాం, వంటిల్లు ఒకటే. నేను ఆమెతో ఉండడం మొదలుపెట్టాక ఆమె నోట ఎక్కువసార్లు విన్న మాట "బాగానే ఉన్నాను". ఒకసారి ఆమెకు జ్వరం వచ్చి ఒళ్ళు పెనంలా కాలుతుంటే నేను మాత్ర పట్టుకుని నిలబడ్డాను. అప్పుడూ అదే మాట. ఇలాంటివాళ్ళను చూస్తే నర్సులకు ఎంత కోపం వస్తుందో మీకు తెలియదు.

ఆమె భర్త రామప్రసాద్ మాస్టారు బందరులోనే ఉంటారు. ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. వాటర్ కలర్‌లో ఆయన చెయ్యి గొప్పదని అక్క అంటుంది. బందరు కోట, గిలకలదిండి పడవలు, బజారు వీధులు, ఏదైనా సరే ఎదురుగా నిలబడి చూస్తూ వేసేవారట. ఎవరైనా ఫొటో చూసి బొమ్మ వేస్తే ఆయనకు చిర్రెత్తుకొచ్చేదట. "ఎండా గాలీ తగలని బొమ్మ బొమ్మేంటి?" అనేవారట. ఆయన వేస్తుంటే పక్కన పీట వేసుకుని కుంచెలు కడగడం అక్క పని. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే.

తర్వాత ఆ స్కూలువాళ్ళు డ్రాయింగు పీరియడ్లు తీసేసి లెక్కలకిచ్చారు. మాస్టారిని ఆఫీసులో కూర్చుని ఫీజు రసీదులు రాయమన్నారు. ఆయన ఆ రోజే ఇంటికొచ్చి, రంగుల పెట్టె అటకెక్కించి, మళ్ళీ స్కూలు గుమ్మం తొక్కలేదు. ఇల్లు గడవాలి కదా. అక్కకు సౌదీ ఉద్యోగం వచ్చింది. "వెళ్ళొద్దు" అన్నారు ఆయన. రెండోసారి అనలేదు. అక్క వచ్చేసింది. అంతే, అప్పట్నుంచి ఆయన ఆమెతో మాట్లాడ్డం మానేశారు. ఫోన్ ఎత్తుతారు. ఎత్తి "ఊఁ" అంటారు.

వచ్చేటప్పుడు సామాను సర్దుకుంటూ అక్క అటక మీది రంగుల పెట్టె దించి ఆవకాయ సీసాల కింద పెట్టేసుకుందట. "అడిగితే ఇచ్చేవారు కాదు సురయ్యా. అడక్కుండా తీసుకుంటే కాదనలేదు" అంది నాతో. ఆ పెట్టె చాలాకాలం ఆమె మంచం కిందే ఉంది. ఒక చలికాలం, శుక్రవారం సెలవు రోజున, ఏం తోచక దాన్ని తెరిచింది.

మొదట్లో ఆమె వేసిన బొమ్మల సంగతి చెప్పకూడదు గానీ చెబుతాను. మసీదు మీనారు ములక్కాడలా ఉండేది. పెట్రోలు బంకు పడుకున్న గేదెలా ఉండేది. "అక్కా, ఈ గేదె పాలిస్తాదా?" అన్నాను. ఆమె నవ్వింది. కానీ మానలేదు. అన్నేళ్ళు పక్కన కూర్చుని చూసిన కళ్ళు కదా, మెల్లగా చేతికి చెప్పుకున్నాయేమో, రెండో చలికాలానికి నేను వేళాకోళం చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

మా కిటికీలోంచి చూస్తే జనరేటరు గది గోడ తప్ప ఏమీ కనపడదు. పైగా మాస్టారి పద్ధతి ప్రకారం బయటే వెయ్యాలి. ఎండాకాలం ఆ ఊళ్ళో పగలు ఎవరూ నిలబడలేరు, రంగు కాగితానికి అంటకముందే ఆరిపోతుంది. అందుకని చలికాలం శుక్రవారాలే. జుమ్మా నమాజు దాకా ఊరంతా దుప్పట్లోనే ఉంటుంది. అక్క నాలుగు పొరల బట్టలేసుకుని, పైన ఫర్వా కప్పుకుని బయల్దేరేది. ఫర్వా అంటే లోపల గొర్రె ఉన్ని కుట్టిన పొడుగాటి కోటు, అక్కడి మగవాళ్ళు వేసుకునేది. అందులో ఆమె నడిచే గుడారంలా ఉండేది. మెయిన్ రోడ్డు మీద హీటర్లమ్మే దుకాణం మూసి ఉంటుంది. దాని మెట్టు ముందు మడత స్టూలు వేసుకుని కూర్చునేది. ఎదురుగా అఫ్ఘాన్ అతని రొట్టెల దుకాణం, దాని పక్కన టైర్ల షాపు, వెనకాల మీనారు, ఇళ్ళ కప్పుల మీద నీళ్ళ ట్యాంకులు. తెల్లారుతుంటే ఆ వీధిలో రంగంటూ ఉండేది రొట్టెల పొయ్యి దగ్గరే. మిగతాదంతా బూడిదలాంటి నీలం.

"ఎందుకక్కా నీకీ యాతన? కుక్కలు కూడా బయటికి రాలేదు సూడు" అనేదాన్ని నేను, ఫ్లాస్కులో టీ పట్టుకుని పక్కన గంతులేస్తూ.

"ఆయనకు చూపించాలి" అనేది.

బొమ్మ అవగానే ఫొటో తీసి మాస్టారికి పంపి, ఫోన్ చేసేది. గ్లౌజులతో ఫోను చెవి దగ్గర పట్టుకోవడం కుదరదు కాబట్టి స్పీకరే. కాబట్టి ఆ సంభాషణంతా నాకు నోటికొచ్చు.

"ఏమండీ, తిన్నారా?"

"ఊఁ."

"బీపీ మాత్ర వేసుకున్నారా?"

"ఊఁ."

"బొమ్మ పంపాను, చూశారా?"

"చూశాను."

"నేను బాగానే ఉన్నాను."

"ఊఁ."

ఇంతే. ఒక మనిషి ఈ చలిలో ముక్కు ఎర్రగా చేసుకుని తన కుంచెలతోనే బొమ్మ వేసి పంపితే, బాగుందో బాలేదో చెప్పడానికి ఆయన నోట్లోంచి ముత్యాలేమన్నా రాలిపోతాయా? నేను పళ్ళు కొరుక్కునేదాన్ని. ఒకసారి అక్కతో అనేశాను కూడా. ఆమె కుంచె మీద ఊదుకుంటూ, "ఆయన నాతో మాట్లాడాలి సురయ్యా. నాకింకేం వద్దు. తిట్టినా సరే" అంది. అంత సూటిగా ఏదన్నా కోరుకోవడం ఆమె నోట నేను విన్నది అదొక్కసారే.

అసలు చిక్కు నీళ్ళతో వచ్చింది. సున్నాకు కిందికి దిగిన రోజున కుంచె ముంచే డబ్బాలో నీళ్ళ మీద మీగడలా ఐసు తేలేది. కాగితం మీద పూసిన రంగు పూసినట్టే గట్టిపడిపోయేది. క్వార్టరుకు తీసుకొచ్చి హీటరు ముందు పెడితే ఒక్కసారిగా కరిగి ఆకాశం అంతా రోడ్డు మీదికి దిగేది. అలా చాలా బొమ్మలు పోయాయి. చలిదేశాల్లో నీళ్ళలో సారా కలుపుకుంటారని ఎవరో యూట్యూబులో చెప్పారు. ఆ ముక్క సౌదీలో పైకి అనడానికి కూడా లేదు. చేతులకు రాసుకునే శానిటైజర్ కలిపి చూస్తే రంగు ఉండలు కట్టింది. ల్యాబులో స్పిరిట్ ఉంటుంది గానీ, అక్క ఆసుపత్రి దూది ముక్క కూడా ఇంటికి తెచ్చే రకం కాదు.

అప్పుడామెకు చిన్నప్పటి ఐసుబండి గుర్తొచ్చింది. బందరులో ఐసుక్రీము చేసేవాడు డబ్బా చుట్టూ ఐసుముక్కలు వేసి ఉప్పు చల్లేవాడట. ఆ ఉప్పు నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉండి కూడా గడ్డకట్టేవి కావట. వంటింట్లోంచి గుప్పెడు ఉప్పు తీసుకెళ్ళి డబ్బాలో కలిపింది. అద్భుతం! నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. రంగు హాయిగా పారింది. ఆ చలికాలమంతా ఉప్పు నీళ్ళతోనే వేసింది.

వాటిలో ఒకటి మాత్రం నేను మర్చిపోలేను. పెద్ద కాగితం మీద ఆ రొట్టెల వీధే. పొయ్యి వెలుతురు గుమ్మం దాటి తడి రోడ్డు మీద పరుచుకుని ఉంటుంది. మీనారు పొగమంచులో సగమే కనపడుతుంది. రొట్టెల అతను బయటికొచ్చి చూసి, "బాజీ, యే తో మేరీ దుకాన్ హై!" అని, అంటే "అక్కా, ఇది నా దుకాణమే" అని, తన దుకాణాన్ని తనే మొదటిసారి చూసినట్టు మురిసిపోయాడు. వేడి రొట్టె ఒకటి అక్క ఒళ్ళో పెట్టాడు. టైర్ల షాపు ముసలి సౌదీ ఆయన మాత్రం వేలు పెట్టి వెతికి వెతికి, తన కారు ఏదని అలిగాడు. ఆ కారు బొమ్మకు అడ్డమని అక్క వదిలేసింది. ఆయన వెళ్ళేదాకా "మీ కారు బాగుంది, బాగుంది" అని మేమే ఆయన్ను ఓదార్చాం.

ఆ బొమ్మ ఫొటోకు కూడా మాస్టారు "చూశాను" అన్నారు.

"ఫోన్లో ఏం కనపడుతుంది? అసలుది పంపిస్తాను" అంది అక్క. పంపేవాళ్ళు ఎవరైనా దొరికేదాకా దాన్ని తన పాత ఎక్స్‌రే కవర్లో పెట్టి బీరువాలో దాచింది. ఆగస్టులో మా అంబులెన్సు డ్రైవరు ఇస్సాక్ సెలవుకు వెళ్తున్నాడు. వాళ్ళది గుడివాడ దగ్గర పల్లెటూరు. బొమ్మను రెండు అట్టల మధ్య పెట్టి, టేపు చుట్టి, "ఆయన చేతికే ఇవ్వాలి ఇస్సాకూ, వేరే ఎవరికీ వద్దు" అని అక్క చెప్పిన జాగ్రత్తలు విని, పాపం అతను పసిబిడ్డను మోసినట్టు మోసుకెళ్ళాడు.

వానలో తడవకుండా తీసుకెళ్ళి ఇచ్చానని ఇస్సాక్ ఫోన్ చేశాడు. మాస్టారు కవరు విప్పి చాలాసేపు చూసి, చూస్తుండగానే సుత్తి, మేకు తెచ్చి, మంచానికి ఎదురుగా గోడకు కొట్టుకున్నారట. ఆ ముక్క వినగానే అక్క వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల ఏడ్చిందో నవ్విందో నాకు తెలియదు. బయటికొచ్చి పాయసం చేసింది. ఇక ఆయన ఫోన్ చేస్తారని ఎదురుచూసింది. ఆ శుక్రవారం "బొమ్మ అందిందటగా?" అంటే, "అందింది" అన్నారు. అంతే.

తర్వాత కొద్దిరోజులకు ఒక సాయంత్రం అక్క చపాతీ పిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. మాస్టారు! ఆయనంతట ఆయన చెయ్యడం నేను ఎప్పుడూ చూడలేదు. చేతుల నిండా పిండి. నేనే ఎత్తి స్పీకర్ నొక్కాను.

"ఏం కలిపావ్ అందులో?" అన్నారు, పలకరింపూ లేదు పాడూ లేదు.

"ఎందులోనండీ?"

"బొమ్మలో! ముట్టుకుంటే తడి. మొన్న మీనారు చెమ్మగిల్లింది. నిన్న పొయ్యి వెలుతురు జారి టైర్ల మీదకొచ్చింది. ఇవాళ పొద్దున గోడ మీద నీలం చార కిందికి దిగుతోంది. పైన కప్పు కారట్లేదు, గోడ కారట్లేదు, బొమ్మ కారుతోంది! నాలిక్కి పెట్టుకుని చూశాను. ఉప్పు! ఎవరన్నా రంగులో ఉప్పు వేస్తారటే? బందరులో పుట్టావ్, బందరులో పెరిగావ్. వానాకాలం ఉప్పు జాడీ కింద పళ్ళెం ఎందుకు పెడతారో నీకు తెలీదూ?"

నిజమే, ఆమెకు తెలియకపోవడమేమిటి! కానీ మా తురైఫ్‌లో ఎప్పుడో ఒక పొగమంచు పొద్దున తప్ప గాలికి తడే ఉండదు. ఉప్పు డబ్బా మూత తీసి పెట్టినా ఏడాదంతా ఇసకలా పొడిపొడిగా ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉప్పు ఏం చేస్తుందో ఆ మనిషి మర్చిపోయింది. బొమ్మ బందరు గాలి పీల్చుకుని నీరుగారిపోయింది.

మాస్టారు ఆపలేదు. కాగితం ఎంపిక దగ్గర మొదలుపెట్టి, నీలం ఎక్కువైందన్నారు, మీనారు నీడ ఎటు పడాలో చెప్పారు, రోడ్డు మీద తడి మెరుపు ఒక్కటీ బాగుందనీ, దాన్ని కూడా ఉప్పు పాలు చేశావనీ తిట్టారు. అక్క పిండి చేతులు గాల్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. నా జన్మలో తిట్లు తింటూ అంత వెలిగిపోయిన మొహం నేను చూడలేదు.

"ఎందుకేశావసలు ఉప్పు?" అన్నారు చివరికి.

"నీళ్ళు గడ్డకడుతున్నాయండీ, అందుకని."



"గడ్డకట్టనివ్వాల్సింది" అని ఫోన్ పెట్టేశారు.

ఇంక దారిలో పడ్డట్టే అనుకున్నాను. ఏం పడడం, నా మొహం. తర్వాతి శుక్రవారం మళ్ళీ "ఊఁ". ఆ పై శుక్రవారం "ఊఁ". ఒక్కసారి రుచి చూపించి కంచం లాగేసుకున్నట్టయింది. అంతకుముందు అలవాటైన మౌనమే, ఇప్పుడు అక్కను తినేసింది. పెట్టె తెరవడం మానేసింది. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. డ్యూటీ నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. "ఏమైందక్కా?" అంటే, "బాగానే ఉన్నాను".

జనవరిలో ఒక శుక్రవారం పొద్దున నేనే ఆ పెట్టె మంచం కింద నుంచి లాగాను. "ల్యాయ్ అక్కా. నువ్వు ఎయ్యకపోతే నేనే ఎస్తా, ఆ బొమ్మ చూసి మీ మాస్టారికి గుండె ఆగిపోతాది, సూసుకో" అన్నాను. నవ్వలేదు గానీ లేచింది. వంటింట్లో ఉప్పు డబ్బా మీద చెయ్యి వేసింది, కాస్త ఆగింది, వదిలేసి వచ్చింది.

ఆ రోజు చలి నా ఉద్యోగంలో ఎన్నడూ చూడనంత చలి. కార్ల అద్దాల మీద తెల్లటి పొర. రొట్టెల అతను "బాజీ, అందర్ ఆకే బైఠో" అంటూ లోపలికొచ్చి కూర్చోమని బతిమాలాడు. అక్క కదల్లేదు. మెట్టు ముందు స్టూలు వేసుకుని, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు డబ్బాలో పోసుకుని, గబగబా రంగు పూసింది. అదే వీధి. పూస్తుండగానే కాగితం మీద నీళ్ళు బిగుసుకోవడం మొదలైంది. ఆకాశం అంచు నుంచి సన్నటి గీతలు లేచాయి. ఒకదానికొకటి తగులుకుంటూ, ఈకల్లా విచ్చుకుంటూ, మీనారు మీదుగా, ట్యాంకుల మీదుగా, పొయ్యి వెలుతురు దాకా పాకాయి. అక్క కుంచె ఆపేసి చూస్తూ కూర్చుంది. నేను కూడా నోరు మూసుకుని చూశానంటే అర్థం చేసుకోండి. ఊరంతా ఎవరో ఐసుతో అల్లినట్టుంది. పొయ్యి దగ్గర మాత్రం ఒక చిన్న పసుపు మరక మిగిలింది.

కరగకముందే ఫొటో తీసి పంపాను, అక్క వేళ్ళు పనిచెయ్యలేదు కాబట్టి. తను ఫోన్ చెయ్యనంది. సామాను సర్దుకుంటున్నాం. ఫోన్ మోగింది.

నేను స్పీకర్ నొక్కి ఆమె మొహం దగ్గర పట్టుకున్నాను.

"ఆ ఈకలు నువ్వేశావా?" అన్నారు మాస్టారు.

"లేదండీ. చలే వేసింది. నేను మామూలుగా రంగు పూశానంతే."

"ఎక్కడున్నావ్?"

"రోడ్డు మీదే. బొమ్మ ఆరాలిగా."

"ఇన్నాళ్ళూ ఇంత చలిలోనా కూర్చుంటున్నావ్?"

"అబ్బే, అంత చలేం కాదు. మీరు కంగారు పడకండి. నేను బాగానే..."

"ఆండాళ్లూ."

ఆ పిలుపు విని ఆమె ఉలిక్కిపడింది. ఎన్నేళ్ళయిందో ఆయన పేరు పెట్టి పిలిచి.

"అబద్ధం చెప్పకు. బొమ్మలో కనపడుతోంది" అన్నారు.

అక్క నోరు తెరిచింది. మాట రాలేదు, ఆవిరి వచ్చింది. ఫర్వా లోపల భుజాలు కదిలిపోతున్నాయి. చివరికి చిన్నపిల్లలా అంది, "చాలా చలిగా ఉందండీ ఇక్కడ. ఒక్కదాన్నే అయిపోయాను."

పక్కన నేనుండగానే అలా అంది. నాకు కోపం రాలేదు. అది నేను తీర్చగలిగే ఒంటరితనం కాదని నాకెప్పుడో తెలుసు.

అవతల బందరులో ఎక్కడో రిక్షా బెల్లు మోగింది.

"ఇక్కడ చలి లేదు" అన్నారు మాస్టారు. "మిగతాదంతా నాకూ అంతే."

ఆ తర్వాత ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు, ఫోనూ పెట్టెయ్యలేదు. నా చెయ్యి కొంకర్లు పోతున్నా నేను దించలేదు.